గాలి దూరితే.. గిట్టుబాటు గల్లంతే!

సీఏ గిడ్డంగులు కోరుతున్న సరిహద్దు మామిడి పల్లెలు ముందు చూసుకోవాల్సింది తలుపే

ఏప్రిల్ ఎండల్లో హోసూరు బస్టాండు పక్కన తోపుడుబండి మీద నిగనిగలాడే సిమ్లా ఆపిల్ ఏనాటిది? కిందటేడు ఆగస్టు, అక్టోబరు మధ్య చెట్టు దిగిన కాయ. ఆరేడు నెలలు గడిచినా కొరికితే కరకరమంటోంది. ఒట్టి చల్లదనంతో అయ్యే పని కాదిది. కాయను పెట్టిన గదిలో గాలినే మార్చేశారు. మనం పీల్చే గాలిలో 21 శాతం దాకా ఉండే ఆక్సిజన్‌ను ఒకటి నుంచి మూడు శాతానికి దించి, ఆ చోటును నైట్రోజన్‌తో నింపారు. కాయ ఊపిరి మందగించింది. మాగడం ఆగిపోలేదు గానీ, నత్తనడక పట్టింది. దీని పేరు కంట్రోల్డ్ అట్మాస్ఫియర్ నిల్వ. వాడుకలో సీఏ స్టోరేజీ.

శ్రీనివాసపురంలో, ముళబాగిలులో, కృష్ణగిరిలో మామిడి ధర పడిపోయిన ప్రతిసారీ గిడ్డంగుల మాట పైకొస్తుంది. ఆపిల్‌కు అంత చేయగలిగినప్పుడు మన కాయకు ఎందుకు చేయరు? అడగడం న్యాయమే. జవాబు మాత్రం అనుకున్నంత తేలిక కాదు. మామిడి ఆపిల్ కాదు. పైగా సీఏ గిడ్డంగి అంటే యంత్రాలని, కోట్ల ఖర్చని మాట్లాడుకుంటారే గానీ, అదంతా ఆధారపడేది గది ఎంత గట్టిగా మూసుకుంటుందన్న దానిపైనే అన్న సంగతి ఎవరికీ పట్టడం లేదు. ఆ గదిలో రోజూ కదిలేది, అరిగేది, ముందుగా లీకయ్యేది ఒక్కటే.. తలుపు.

2025 నేర్పిన పాఠం

తోతాపురి సరిహద్దులు ఎరగని కాయ. మనం తోతాపురి అన్నా, కన్నడిగులు గిణిమూతి అన్నా, తమిళులు కిళిమూకు అన్నా అన్నిట్లోనూ ఉన్నది చిలకే. గుజ్జు ఫ్యాక్టరీలు మాత్రం చాలావరకు చిత్తూరు, కృష్ణగిరి వైపే ఉన్నాయి. కోలారు జిల్లా కాయ ఏటా గీత దాటి చిత్తూరుకు పోవడం మామూలే.

2025 జూన్‌లో ఆ దారి మూసుకుపోయింది. ముందటేడు గుజ్జు నిల్వలు కదలకుండా ఉన్నాయి. దిగుబడి ఎక్కువైంది, ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. చిత్తూరు జిల్లా యంత్రాంగం బయటి రాష్ట్రాల తోతాపురిని జిల్లాలోకి రానివ్వద్దని ఆదేశాలిచ్చింది. అక్కడి రైతుకు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, దాని పైన ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేలా ఏర్పాటు జరిగింది. ఇవతలి రైతుకు అదీ లేదు. కర్ణాటక ముఖ్యమంత్రి హోదాలో సిద్ధరామయ్య ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడికి లేఖ రాశారు. చివరికి మార్కెట్ జోక్యం పథకం కింద కర్ణాటకలో రెండున్నర లక్షల టన్నుల దాకా, క్వింటాలుకు 1,616 రూపాయల లెక్కన ధర తేడా చెల్లించేందుకు కేంద్రం ఒప్పుకుంది. ఈ సాయం వచ్చేలోపు ఎన్నో తోటల్లో కాయ కోత కూలికి కూడా సరిపోక నేలపాలైంది. అటూ ఇటూ ఉన్నది ఒకే భాష మాట్లాడే రైతులే అన్నది వేరే బాధ.

నెల రోజులు కాయను ఆపుకోగలిగితే ఈ గతి పట్టేదా అన్న ప్రశ్న అక్కడి నుంచే పుట్టింది.

మామిడికి దక్కేది వారాలే

లెక్క నిజాయతీగా చూద్దాం. ఆపిల్‌ను సున్నా డిగ్రీల దగ్గర పెట్టవచ్చు. మామిడిని అలా పెడితే చలి దెబ్బ తింటుంది. తొక్క మచ్చలు పడి, బయటికి తీశాక సరిగ్గా మాగదు. అందుకే పచ్చి మామిడికి 13 డిగ్రీలు దాదాపు కింది హద్దు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాస్త్రవేత్తల సిఫార్సు ప్రకారం ఆ వేడిమిలో మామూలు గాలిలో కాయ రెండు నుంచి నాలుగు వారాలు నిలుస్తుంది. ఆక్సిజన్ 3 నుంచి 5 శాతం, కార్బన్ డయాక్సైడ్ 5 నుంచి 8 శాతం ఉండేలా చూస్తే మూడు నుంచి ఆరు వారాలు. అంటే అదనంగా వచ్చేది ఒకటి రెండు వారాలు. రకాన్ని బట్టి, కోసిన ముదురును బట్టి అది కూడా మారుతుంది.

గుజ్జుకు పోయే తోతాపురికి ఈ గడువు ఎంత మేలు చేస్తుందన్నది అనుమానమే. ఫ్యాక్టరీ గేటు ముందు రద్దీని కొంత సర్దవచ్చు. నిరుటి గుజ్జు అమ్ముడుపోని ఏడాది మాత్రం కాయను మూడు వారాలు ఆపినా అదే ఫ్యాక్టరీ, అదే ధర. గుజ్జునే డ్రమ్ముల్లో ఏడాది పైగా నిల్వ చేయగలుగుతున్నప్పుడు కాయను దాచడానికి కోట్లు పెట్టడం తెలివైన పని కాదు. బేనిషా, మల్లిక వంటి తినే రకాల సంగతి వేరు. వాటికి దూరపు మార్కెట్ ఉంది, ఓడ ప్రయాణం ఉంది. అక్కడ రెండు వారాలు అంటే డబ్బే.

షోలాపూర్ వైపు తెలుగువారికి బాగా తెలిసిన దానిమ్మ కథ ఇంకొకటి. కాలిఫోర్నియాలో వండర్‌ఫుల్ రకం మీద జరిగిన పరిశోధనల్లో 7 డిగ్రీల దగ్గర 5 శాతం ఆక్సిజన్, 15 శాతం కార్బన్ డయాక్సైడ్‌తో నెలల తరబడి నిలిచింది. మన భగువా రకం అచ్చంగా అలాగే నిలుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు గానీ, సీఏకు మామిడి కంటే దానిమ్మ అనువైన సరుకు అనడంలో సందేహం లేదు.

మామిడికి వచ్చేదే వారాల లెక్క కాబట్టి, అందులో ఒక్క రోజు కూడా పారేసుకోవడానికి లేదు. తలుపు మాట ఇక్కడే మొదలవుతుంది.

మామూలు తలుపు ఎందుకు పనికిరాదు?

చింతపండు, మిర్చి దాచే పాత కోల్డ్ స్టోరేజీల తలుపుల పని ఒక్కటే, చల్లదనం బయటికి పోకుండా ఆపడం. అంచుల్లోంచి కాస్త గాలి ఆడినా కరెంటు బిల్లు పెరుగుతుందే గానీ సరుకు చెడదు. నాందేడ్ అర్ధాపూర్ ప్రాంతంలో, మన ఊళ్లలోని మండీల్లో అరటికి వాడే మాగబెట్టే గదుల తలుపులు ఇంకొంచెం మెరుగు. ఇథిలీన్ గ్యాస్ ఒక రోజు నిలిస్తే చాలు, తర్వాత ఎలాగూ తలుపు తీసి గాలి మార్చాల్సిందే. ఈ రెండు రకాల తలుపులు చేసేవాళ్లు కావలసినంత మంది ఉన్నారు. వాటినే కొంచెం లావు రబ్బరు వేసి సీఏ తలుపులని అంటగట్టే ప్రమాదమూ ఉంది.

సీఏ గదికి బయట 21 శాతం ఆక్సిజన్, లోపల 3 శాతం. గీత మందం సందు దొరికినా బయటి గాలి లోపలికి తోసుకొస్తుంది. దాన్ని మళ్లీ వెళ్లగొట్టడానికి నైట్రోజన్ యంత్రం రాత్రింబవళ్లు తిరుగుతుంది. మీటరూ దాంతోపాటే తిరుగుతుంది.

దీనికి తోడు ఒత్తిడి. గట్టిగా బిగించిన గదిలో వేడిమి ఒక్క డిగ్రీ తగ్గినా లోపలి గాలి కుంచించుకుపోతుంది. 13 డిగ్రీల దగ్గర లెక్క కడితే 30 మిల్లీమీటర్లకు పైగా నీటి మట్టానికి సమానమైన పీడనం తేడా వస్తుంది. అంటే తలుపు మీద ప్రతి చదరపు మీటరుకు 30 కిలోలకు పైగా బరువు తోస్తున్నట్టు. కంప్రెసర్ ఆగి మళ్లీ మొదలైన ప్రతిసారీ, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ గది ఇలా ఊపిరి పీలుస్తుంది, వదులుతుంది. దాన్ని తట్టుకోవడానికే గదికి గాలిసంచి, పీడనం వదిలే వాల్వు పెడతారు. కంపెనీ ఇచ్చిన కొటేషన్‌లో తలుపు ఉండి ఈ రెండూ లేకపోతే, ఆ తలుపు ఎంత మంచిదైనా మొదటి సీజన్లోనే వంగుతుంది. లేదంటే గోడ పలకల అతుకులు విడిపోతాయి.

ఎంపికలో చూడాల్సింది

పెద్ద గిడ్డంగుల్లో ఎక్కువగా కనిపించేది పక్కకు జరిగే తలుపు. పైన పట్టా మీద నడుస్తుంది. మూసే చివరి క్షణంలో కిందికి, లోపలికి దిగి చట్రానికి అతుక్కుంటుంది. ఆ తర్వాత చుట్టూ ఉన్న క్లాంపులు బిగిస్తారు. చిన్న గదులకు కీళ్ల మీద తిరిగే తలుపూ సరిపోతుంది. ఏదైనా లోపల పఫ్ పొర మధ్యలో ఖాళీలు లేకుండా ఒకే పోతగా ఉండాలి. పైరేకు తుప్పు పట్టనిదై ఉండాలి. కాయల చెమట, మామిడి సొన రెండూ లోహాన్ని వదలవు.

రబ్బరు పట్టీ తలుపుకు ప్రాణం. నాలుగు మూలల్లో అతుకు ఎలా వేశారో వేలితో తడిమి చూడాలి. మూలల్లో కోసి పక్కపక్కన పెట్టిన పట్టీ కంటే, కరిగించి అతికించినది మేలు. అమ్మేవాడు చూపించే నమూనా ముక్క కాకుండా, బిగించిన తలుపు మీద ఉన్న పట్టీనే చూడాలి.

అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది గడప. పైన, పక్కల చట్రం గట్టిగానే ఉంటుంది. అడుగున మాత్రం నేల. ఫోర్క్‌లిఫ్ట్ తిరగాలి కాబట్టి గడప ఎత్తుగా కట్టడానికి వీల్లేదు. కాంక్రీటు రెండు మూడు మిల్లీమీటర్లు పల్లం దిగినా తలుపు అడుగున సందు పడుతుంది. నేల పోసినప్పుడే లోహపు పట్టీని మట్టానికి కూర్చోబెట్టి, దాని కిందా గాలి దూరకుండా సీలు వేయాలి. తలుపు వచ్చాక నేలను చెక్కి సరిచేద్దామనుకుంటే కుదరదు. ద్వారబంధానికీ గోడ పలకకూ మధ్య అతుకు సంగతీ ఇంతే. తలుపు కొన్నది ఒకరి దగ్గర, గోడలు కట్టించింది ఇంకొకరితో అయితే, లీకు బయటపడ్డ రోజున ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. రెండూ ఒకరి బాధ్యతగానే ఒప్పందం రాసుకోవడం మంచిది.

ఇంకో మాట. ఆపిల్ గది ఒకసారి మూస్తే నెలల తరువాతే తెరుస్తారు. మామిడి వ్యాపారం అలా ఉండదు. ఇవాళ రెండు లారీలు, ఎల్లుండి మూడు. తెరిచిన ప్రతిసారీ లోపలి గాలి మామూలు గాలి అయిపోతుంది. మళ్లీ దించడానికి సమయం పోతుంది. అందువల్ల మామిడికి ఒక పెద్ద హాలు కంటే, ఒకటి రెండు రోజుల్లో నింపి, తెరిచాక వెంటనే ఖాళీ చేయగలిగే చిన్న గదులే నయం. గదులు పెరిగితే తలుపులూ పెరుగుతాయి. ఖర్చు లెక్కలో తలుపుల వాటా పెరుగుతుంది. ఇది ముందే తెలుసుకోకుండా, ఆపిల్ గిడ్డంగి నమూనాను యథాతథంగా తెచ్చి పెడితే మిగిలేది కట్టడమే.

అరగంట పరీక్ష

గది గట్టిగా ఉందా లేదా తేల్చడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఖాళీ గది మూసి, చిన్న బ్లోయరుతో లోపల గాలి ఒత్తిడి 25 మిల్లీమీటర్ల నీటి మట్టానికి పెంచాలి. బ్లోయరు ఆపి, యు ఆకారపు గొట్టంలో నీళ్లను చూస్తూ గడియారం పట్టుకోవాలి. ఒత్తిడి సగానికి, అంటే పన్నెండున్నర మిల్లీమీటర్లకు పడటానికి కనీసం 20 నుంచి 30 నిమిషాలు పట్టాలి. ఆక్సిజన్ ఎంత తక్కువగా ఉంచాలనుకుంటే అంత ఎక్కువ సమయం నిలవాలి. అయిదు నిమిషాల్లోనే పడిపోయిందంటే ఆ గది పేరుకే సీఏ.

ఈ ఒత్తిడిలో రెండున్నర మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు తలుపును లోపలి గాలి దాదాపు 190 కిలోల బలంతో బయటికి తోస్తుంది. ఎక్కడ వదులుందో అప్పుడే బయటపడుతుంది. సబ్బు నీళ్లు అంచుల వెంట రాస్తే బుడగలు చోటు చెప్పేస్తాయి.

ఇల్లు అలకగానే పండగ కాదు. ప్రారంభోత్సవం రోజున నిలిచిన గది మూడో ఏడు నిలవకపోవచ్చు. ఈ పరీక్ష ఏటా సీజన్‌కు ముందు చేయాలి. గది అప్పగించేటప్పుడు వచ్చిన నిమిషాల లెక్కను తలుపు పక్కనే గోడ మీద రాసి పెట్టుకుంటే, ఏటేటా ఎంత దిగజారిందో ఎవరికైనా తెలుస్తుంది.

జాతీయ ఉద్యాన బోర్డు సీఏ గిడ్డంగులకు విడిగా సాంకేతిక ప్రమాణాలను 2010లోనే తెచ్చింది. సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్ కింద మైదాన ప్రాంతాల్లో 35 శాతం దాకా రాయితీ ఉంది. అది బ్యాంకు రుణంతో ముడిపడింది, పని పూర్తయ్యాక వచ్చేది. రైతు సంఘాలు రాయితీ శాతం గురించి అడిగినంత గట్టిగా ఈ అరగంట పరీక్ష ఫలితాన్ని అడగాలి. ఆఖరి బిల్లు చెల్లింపును దానికే ముడిపెట్టాలి.

పాడయ్యేది ఖాళీగా ఉన్నప్పుడే

మామిడి సీజన్ రెండు మూడు నెలలు. మిగిలిన కాలమంతా గది ఖాళీ. తలుపు ఎక్కువగా పాడయ్యేది అప్పుడే. సీజన్ అయిపోగానే క్లాంపులు బిగించి తాళం వేసి పోవడం చాలాచోట్ల అలవాటు. నెలల తరబడి నొక్కుకుపోయిన రబ్బరు మళ్లీ లేవదు. ఆ ఆకారంలోనే ఉండిపోతుంది. అందుకే క్లాంపులు వదులు చేసి, తలుపును చట్రానికి తాకీ తాకనట్టు వదిలేయాలి. ఎలుకలు రబ్బరు కొరకకుండా చూసుకోవాలి.

రబ్బరు మెత్తబడాలని బండికి వాడే గ్రీజు పూయడం ఇంకో పొరపాటు. సీఏ తలుపులకు తరచుగా వాడే ఈపీడీఎం రబ్బరుకు పెట్రోలియం నూనెలు పడవు. ఉబ్బి, మెత్తబడి, ఒక సీజన్లోనే ఊడిపోతుంది. సిలికాన్ గ్రీజు పలచగా రాయాలి. అంతకుముందు గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి సొన జిడ్డు పోగొట్టాలి.

నడుస్తున్న సీజన్లో చేయాల్సింది తక్కువే. మూసే ముందు గడప ఊడవాలి. క్రేటు నుంచి విరిగిన ప్లాస్టిక్ ముక్క ఒక్కటి చాలు, అరగంట నిలవాల్సిన ఒత్తిడి అయిదు నిమిషాలకు దిగిపోవడానికి. కాగితం ముక్క పట్టీకీ చట్రానికీ మధ్య పెట్టి తలుపు బిగించి లాగి చూడాలి. తేలిగ్గా వచ్చేస్తే అక్కడ బిగువు లేనట్టే. ఫోర్క్‌లిఫ్ట్ తగిలిన తలుపును కంటికి బాగానే ఉందని వదిలేయకుండా మళ్లీ పరీక్షించాలి. తలుపుకు ముందు నేలలో రెండు ఇనుప స్తంభాలు నాటిస్తే ఆ బాధే తగ్గుతుంది. స్తంభాల ఖర్చు కొత్త తలుపు ఖర్చులో ఏ మూలకూ రాదు.

ఆ చిన్న కిటికీ

సీఏ తలుపులో లేదా దాని పక్క గోడలో రెండడుగుల పైచిలుకు చిన్న కిటికీ ఒకటి ఉంటుంది. కాయ ఎలా ఉందో చూడటానికి, నమూనా తీయడానికి అది అవసరం. అది లేని తలుపు తీసుకోకూడదు. కానీ మనుషుల ప్రాణాలు పోయేది కూడా అక్కడే.

2013 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని హాంప్‌షైర్‌లో ఒక ఆపిల్ గిడ్డంగిలో ఇద్దరు కార్మికులు చనిపోయారు. పండ్ల పోటీకి మంచి కాయలు ఏరి తెమ్మన్నారు. పెద్ద తలుపు తీస్తే గదిలో గాలి చెడుతుంది. అందుకని ఊపిరి బిగబట్టి పైనున్న చిన్న కిటికీలోంచి దూరడం అక్కడ అలవాటుగా మారింది. లోపల ఆక్సిజన్ ఒక్క శాతం. ఇద్దరూ కాయల పెట్టెల మీదే పడిపోయారు. 2015లో అక్కడి మేనేజరుకు జైలు శిక్ష పడింది. సేఫ్టీ నియమాలు కచ్చితంగా ఉండే దేశంలోనే ఇలా జరిగింది.

మన పల్లెల్లో పాత బావిలో దిగి, సెప్టిక్ ట్యాంకులో దిగి, ఒకరిని కాపాడబోయి ఇంకొకరు పోయిన వార్తలు కొత్త కాదు. సీఏ గది వాటికంటే మోసకారి. సెప్టిక్ ట్యాంకులో వాసనైనా వస్తుంది. ఇక్కడ వాసన ఉండదు, పొగ ఉండదు, శుభ్రంగా, చల్లగా, కాయల ఘుమఘుమలతో ఉంటుంది. రెండు మూడు ఊపిరులకే స్పృహ పోతుంది. పిలవడానికి కూడా వ్యవధి ఉండదు.

అందుకే తలుపు కొనేటప్పుడే కొన్ని పట్టుబట్టాలి. లోపలి నుంచి తెరుచుకునే ఏర్పాటు ఉండాలి. కిటికీకి విడిగా తాళం, ఆ తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండాలి. గదిలోకి వెళ్లకుండానే బయటినుంచి ఆక్సిజన్ శాతం కనిపించే మీటరు ఉండాలి. గాలి మార్చి, మీటరు 20 శాతం పైన చూపించేదాకా ఎవరూ లోపల కాలు పెట్టకూడదు. ఒకరు లోపలికి వెళితే ఇంకొకరు తలుపు దగ్గరే నిలబడాలి.

హెచ్చరిక బోర్డు విషయం సరిహద్దులో మరీ ముఖ్యం. కోలారు గిడ్డంగిలో కన్నడం, ఇంగ్లిషు రాసి ఊరుకుంటే చాలదు. కాయ దించే కూలీల్లో తెలుగు, తమిళం మాత్రమే చదవగలిగినవాళ్లు ఉంటారు. ఒడిశా, బీహారు నుంచి వచ్చినవాళ్లూ ఉంటారు. ఏమీ చదవలేనివాళ్లూ ఉంటారు. పుర్రె బొమ్మ, ఎర్ర దీపం అందరికీ అర్థమవుతాయి. గదిలో గ్యాస్ ఉన్నంతసేపూ తలుపు పైన ఆ ఎర్ర దీపం వెలుగుతూ ఉండాలి. కరెంటు పోయినా ఆరకుండా దానికి విడిగా బ్యాటరీ పెట్టించుకోవాలి.